ఎయిర్ రైఫిల్‌లో రెగ్యులేటర్ పీడనం, పెల్లెట్ వేగం

ముందుగానే అధిక పీడనంతో నింపి ఉంచిన గాలి సహాయంతో చిన్న సీసపు గుండును పేల్చే తుపాకిని ప్రీఛార్జ్‌డ్ న్యుమాటిక్ ఎయిర్ రైఫిల్ అంటారు. దీనినే క్లుప్తంగా పి.సి.పి. రైఫిల్ అని వ్యవహరిస్తారు. ఇందులో వాడే, నడుము సన్నగా ఉండే సీసపు గుండును పెల్లెట్ అంటారు. సిలిండరులోని గాలి పీడనం ప్రతి పేల్పుకూ కొంత తగ్గుతూ ఉంటుంది. పీడనం ఇలా తగ్గుతున్నా పెల్లెట్ వేగం మారకుండా చూసే పరికరమే రెగ్యులేటర్. రెగ్యులేటర్ పీడనాన్ని, వాల్వును తెరిచే సుత్తి స్ప్రింగు బిగింపును ఒకదానికొకటి సరిపోయేటట్లు అమర్చడాన్ని ట్యూనింగ్ అంటారు. ఈ సర్దుబాటు ముఖ్య లక్ష్యం వేగాన్ని పెంచడం కాదు, ప్రతి పెల్లెట్‌కూ ఒకే వేగం వచ్చేటట్లు చేయడం.

== చరిత్ర ==

నిల్వ చేసిన గాలితో పేలే తుపాకులు కొత్తవి కావు. టైరోల్ ప్రాంతానికి చెందిన గిరాండోని 1780 ప్రాంతంలో రూపొందించిన గాలి తుపాకిని ఆస్ట్రియా సైన్యం కొంతకాలం వాడింది. దాని మడమ భాగమే గాలి తొట్టి. దానిని చేతి పంపుతో నింపడానికి దాదాపు 1500 సార్లు కొట్టవలసి వచ్చేది. 1803-1806 మధ్య అమెరికా పడమటి ప్రాంతాలను అన్వేషించిన లూయిస్, క్లార్క్ బృందం వెంట కూడా ఒక గాలి తుపాకి ఉండేది. ఆ తుపాకులలో రెగ్యులేటర్ లేదు. కాబట్టి తొట్టిలో గాలి తగ్గుతున్నకొద్దీ గుండు వేగం కూడా తగ్గిపోయేది.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీని 1984 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో ప్రవేశపెట్టారు. ఆ తరువాతి సంవత్సరాలలో కార్బన్ డయాక్సైడుతో పనిచేసే పోటీ రైఫిళ్ళు బాగా వాడుకలోకి వచ్చాయి. అయితే ద్రవరూపంలో నిల్వ ఉండే ఆ వాయువు పీడనం ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 57 బార్ ఉండే పీడనం, 30 డిగ్రీల వద్ద సుమారు 72 బార్ అవుతుంది. ఈ ఇబ్బంది వలన క్రమంగా సంపీడిత గాలి, రెగ్యులేటర్ ఉన్న రైఫిళ్ళు వాటి స్థానాన్ని ఆక్రమించాయి.

== ముఖ్య భాగాలు ==

* సిలిండరు: గాలిని నిల్వ ఉంచే పాత్ర. పోటీ రైఫిళ్ళలో దీనిని సాధారణంగా 200 బార్ వరకు నింపుతారు. ఒక బార్ దాదాపుగా మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనానికి సమానం.
* రెగ్యులేటర్: సిలిండరులోని అధిక పీడనాన్ని తగ్గించి, ఒక నిర్ణీత పీడనం వద్ద గాలిని ముందుకు వదిలే భాగం.
* నియంత్రిత గది: రెగ్యులేటర్‌కు, వాల్వుకు మధ్య ఉండే చిన్న ఖాళీ. ఒక పేల్పుకు కావలసిన గాలి ఇక్కడ సిద్ధంగా ఉంటుంది.
* వాల్వు: నియంత్రిత గదిలోని గాలిని గొట్టంలోకి వదిలే తలుపు. మామూలు స్థితిలో గాలి ఒత్తిడే దీనిని మూసి ఉంచుతుంది.
* సుత్తి, దాని స్ప్రింగు: ట్రిగ్గర్ నొక్కినప్పుడు సుత్తి ముందుకు దూకి వాల్వు కాడను తాకుతుంది. వాల్వు సెకనులో వెయ్యో వంతుల కాలం మాత్రమే తెరుచుకొని, తిరిగి మూసుకుంటుంది.
* గొట్టం: దీనిని బ్యారెల్ అంటారు. పెల్లెట్ దీనిలో పరుగెత్తి వేగం పుంజుకుంటుంది.

== రెగ్యులేటర్ పని చేసే విధానం ==

వంట గ్యాస్ బండకు బిగించే రెగ్యులేటర్ అందరికీ తెలిసినదే. బండలో పీడనం ఎంత ఉన్నా పొయ్యికి మాత్రం అది ఒకే తక్కువ పీడనంతో గ్యాసును పంపుతుంది. ఎయిర్ రైఫిల్ రెగ్యులేటర్ సూత్రం కూడా ఇదే. తేడా అంతా పీడనాల స్థాయిలోనే ఉన్నది.

దీనిలో ఒక పిస్టను ఉంటుంది. పిస్టను ఒక కొన సన్నగా, మరొక కొన వెడల్పుగా ఉంటాయి. సన్నని కొన సిలిండరు నుండి గాలి వచ్చే రంధ్రానికి ఎదురుగా ఉంటుంది. వెడల్పు కొన నియంత్రిత గది వైపు ఉంటుంది. పళ్ళెం ఆకారంలో ఉండే బెల్‌విల్ స్ప్రింగులు పిస్టనును రంధ్రానికి దూరంగా నెడుతూ దారిని తెరిచి ఉంచుతాయి. గాలి నియంత్రిత గదిలోకి చేరుతున్నకొద్దీ వెడల్పు కొన మీద ఒత్తిడి పెరుగుతుంది. ఈ ఒత్తిడి స్ప్రింగుల బలాన్ని మించగానే పిస్టను జరిగి రంధ్రాన్ని మూసివేస్తుంది. పేల్పు తరువాత గదిలో పీడనం తగ్గగానే స్ప్రింగులు మళ్ళీ దారిని తెరుస్తాయి.

స్ప్రింగులను ఎక్కువ బిగిస్తే మూసుకొనే పీడనం పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. రెగ్యులేటర్ మరను తిప్పినప్పుడు జరిగేది ఇదే. స్ప్రింగులున్న భాగంలోకి గాలి చేరి నిలిచిపోతే ఈ లెక్క తప్పుతుంది. అందుకే ఆ భాగం నుండి బయటి వాతావరణంలోకి ఒక చిన్న రంధ్రం వదులుతారు. ఆ రంధ్రం గుండా గాలి కారుతూ ఉంటే, లోపల రబ్బరు వలయం ఒకటి పాడయిందని అర్థం.

== పీడనానికి, వేగానికి సంబంధం ==

పీడనం పెంచితే వేగం పెరుగుతుందనుకోవడం సహజం. ఇది సగం మాత్రమే నిజం. పెల్లెట్ వేగం రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది: గాలి ఎంత బలంగా నెట్టింది, ఎంతసేపు నెట్టింది. మొదటిదానిని రెగ్యులేటర్ నిర్ణయిస్తుంది, రెండవదానిని సుత్తి నిర్ణయిస్తుంది.

బలం = పీడనం × వైశాల్యం. 4.5 మి.మీ. గొట్టపు అడ్డుకోత వైశాల్యం సుమారు 15.9 చదరపు మి.మీ. 100 బార్ పీడనం, అనగా చదరపు మి.మీ.కు 10 న్యూటన్లు, పెల్లెట్ మీద సుమారు 159 న్యూటన్ల బలాన్ని చూపుతుంది. ఇదే బలం 40 సెం.మీ. గొట్టం పొడవునా తగ్గకుండా పనిచేస్తే పెల్లెట్‌కు దాదాపు 64 జౌళ్ళ శక్తి రావాలి. కాని 16 జౌళ్ళ రైఫిల్‌లో అందులో నాలుగవ వంతు మాత్రమే వస్తుంది. వాల్వు మధ్యలోనే మూసుకోవడం, గాలి వ్యాకోచించి పీడనం పడిపోవడం, ఇరుకు దారులలో ప్రవాహానికి కలిగే అడ్డంకి, ఘర్షణ ఇందుకు కారణాలు.

ఇప్పుడు వాల్వు సంగతి చూద్దాం. వాల్వును మూసి ఉంచేది కూడా అదే గాలి పీడనం. వాల్వు ఆసనం వ్యాసం 7 మి.మీ. అనుకుంటే, 100 బార్ వద్ద దానిని మూసి ఉంచే బలం సుమారు 385 న్యూటన్లు. 150 బార్ వద్ద అది సుమారు 577 న్యూటన్లు అవుతుంది. సుత్తి బలం మార్చకుండా రెగ్యులేటర్ పీడనం మాత్రమే పెంచుకుంటూ పోతే, ఒక దశలో సుత్తి వాల్వును చాలినంత సేపు తెరవలేదు. అప్పుడు పీడనం పెరిగినా వేగం తగ్గుతుంది.

రెగ్యులేటర్ లేని రైఫిల్‌లో ఈ రెండు ప్రభావాలనూ ఒకే సిలిండరు గాలిలో చూడవచ్చును. సిలిండరు నిండుగా ఉన్నప్పుడు వాల్వు సరిగా తెరుచుకోక వేగం తక్కువగా ఉంటుంది. పీడనం తగ్గుతున్నకొద్దీ వేగం పెరిగి ఒక గరిష్ఠానికి చేరుతుంది. ఆపైన నెట్టే బలం చాలక వేగం పడిపోతుంది. గ్రాఫు గీస్తే అది కొండ ఆకారంలో వస్తుంది. కొండ శిఖరం దగ్గర కొద్ది పేల్పులు మాత్రమే సమాన వేగంతో వస్తాయి. రెగ్యులేటర్ ఈ శిఖరాన్ని సాగదీసి పీఠభూమిగా మారుస్తుంది.

== సర్దుబాటు క్రమం ==

పెల్లెట్ వేగాన్ని కొలిచే సాధనాన్ని క్రోనోగ్రాఫ్ అంటారు. ఇది లేకుండా సర్దుబాటు మొదలుపెట్టకూడదు. చెవికి వినిపించే శబ్దాన్ని బట్టి వేగాన్ని అంచనా వేయడం సాధ్యం కాదు.

1. మొదట వాడబోయే పెల్లెట్‌ను, కావలసిన శక్తిని నిర్ణయించుకోవాలి. శక్తి = ½ × ద్రవ్యరాశి × వేగం × వేగం. ఉదాహరణకు 0.547 గ్రాముల పెల్లెట్ సెకనుకు 241 మీటర్ల వేగంతో వెళితే దాని శక్తి సుమారు 15.9 జౌళ్ళు.

2. రెగ్యులేటర్‌ను తయారీదారు సూచించిన హద్దులలో ఒక పీడనం వద్ద ఉంచాలి. పీడనం మార్చిన తరువాత కొన్ని పేల్పులు పేల్చి, రెగ్యులేటర్ కుదురుకున్నాకే కొలతలు తీసుకోవాలి. పీడనాన్ని తగ్గించేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. రెగ్యులేటర్ గాలిని లోనికి రానివ్వగలదే గాని, గదిలో అప్పటికే ఉన్న అదనపు పీడనాన్ని వెనుకకు పంపలేదు. కాబట్టి ముందు గాలిని ఖాళీ చేసి, తరువాతనే మరను వదులు చేయాలి.

3. సుత్తి స్ప్రింగును తక్కువ బిగింపు వద్ద ఉంచి, ఒక్కొక్క చుట్టు బిగిస్తూ, ప్రతి దశలోనూ కనీసం ఐదు పేల్పుల సగటు వేగాన్ని రాసుకోవాలి.

వివరణ కోసం ఊహించిన అంకెలతో ఒక పట్టిక ఈ విధంగా ఉంటుంది. పెల్లెట్ బరువు 0.547 గ్రాములు, రెగ్యులేటర్ పీడనం స్థిరం.

* బిగింపు 0 చుట్లు: సెకనుకు 222 మీటర్లు
* 1 చుట్టు: 233 మీటర్లు
* 2 చుట్లు: 241 మీటర్లు
* 3 చుట్లు: 246 మీటర్లు
* 4 చుట్లు: 248 మీటర్లు
* 5 చుట్లు: 247 మీటర్లు

4. ఈ పట్టికలో గరిష్ఠ వేగం 248. నాలుగవ చుట్టు దాటిన తరువాత ఎంత బిగించినా వేగం పెరగడం లేదు. పెల్లెట్ గొట్టం దాటిపోయిన తరువాత కూడా వాల్వు తెరిచి ఉండి గాలి వృథాగా పోతున్నదని, శబ్దం మాత్రమే పెరుగుతున్నదని దీని అర్థం.

5. గరిష్ఠ వేగంలో దాదాపు 97 శాతం వచ్చే చోటికి స్ప్రింగును వెనుకకు వదులు చేయాలి. పై పట్టికలో అది రెండు చుట్ల దగ్గర, సెకనుకు 241 మీటర్ల వద్ద ఉన్నది.

ఈ చోటునే ఎంచుకోవడానికి కారణం ఉన్నది. ఇక్కడ రెగ్యులేటర్ పీడనం ఒకటి రెండు బార్లు పెరిగితే, గాలి కొంచెం బలంగా నెడుతుంది గాని వాల్వు కొంచెం త్వరగా మూసుకుంటుంది. తగ్గితే దీనికి విరుద్ధంగా జరుగుతుంది. ఈ రెండు ప్రభావాలూ ఒకదానినొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. మరీ తక్కువ బిగింపు వద్ద గ్రాఫు ఏటవాలుగా ఉంటుంది. అక్కడ సుత్తి దెబ్బలో ఏ కొంచెం తేడా వచ్చినా వేగం ఎక్కువగా మారిపోతుంది.

6. ఆ చోటు వద్ద వచ్చిన వేగం కావలసినదానికన్నా ఎక్కువగా ఉంటే రెగ్యులేటర్ పీడనాన్ని తగ్గించి, మూడవ దశ నుండి మళ్ళీ చేయాలి. తక్కువగా ఉంటే పెంచి చేయాలి. సుత్తి స్ప్రింగును మాత్రమే మార్చి వేగాన్ని సరిపెట్టుకుంటే, అంకె సరిపోతుంది గాని నిలకడ పోతుంది.

7. చివరగా నిండు సిలిండరుతో మొదలుపెట్టి, పీడనం రెగ్యులేటర్ హద్దు కంటే దిగువకు వచ్చేవరకు ప్రతి పేల్పు వేగాన్నీ నమోదు చేయాలి. ఏ పేల్పు దగ్గర వేగం మారడం మొదలయిందో తెలిస్తే, మళ్ళీ ఎప్పుడు నింపుకోవాలో తెలుస్తుంది.

తక్కువ పీడనం వలన మరొక ప్రయోజనం ఉన్నది. 200 ఘన సెం.మీ. సిలిండరును 200 బార్ వరకు నింపి, రెగ్యులేటర్‌ను 70 బార్ వద్ద ఉంచితే, వాడుకోదగిన గాలి వాతావరణ పీడనం వద్ద సుమారు 26 లీటర్లు. రెగ్యులేటర్‌ను 130 బార్ వద్ద ఉంచితే అది 14 లీటర్లకు పడిపోతుంది. కావలసిన వేగాన్ని ఇవ్వగలిగిన అతి తక్కువ పీడనమే సాధారణంగా మేలైన పీడనం.

== వేగంలో తేడా వస్తే ఏమవుతుంది ==

గొట్టం దాటిన క్షణం నుండి పెల్లెట్ భూమి వైపు పడుతూనే ఉంటుంది. నెమ్మదిగా వెళ్ళే పెల్లెట్ దారిలో ఎక్కువసేపు ఉండి, ఎక్కువ కిందికి జారుతుంది. గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, 10 మీటర్ల దూరంలో సెకనుకు 170 మీటర్ల వేగం గల పెల్లెట్ సుమారు 17.0 మి.మీ. జారుతుంది. 175 మీటర్ల వేగం గలది సుమారు 16.0 మి.మీ. జారుతుంది. 5 మీటర్ల తేడాకు దాదాపు ఒక మిల్లీమీటరు.

ఈ ఒక్క మిల్లీమీటరు విలువ ఎంత? 10 మీటర్ల రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మి.మీ. మాత్రమే. దశాంశ పద్ధతిలో కేంద్రం నుండి ప్రతి 0.25 మి.మీ. దూరానికి 0.1 పాయింటు తగ్గుతుంది. అంటే ఒక మిల్లీమీటరు పక్కకు పోతే 0.4 పాయింట్లు పోయినట్లే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఈ పోటీలో స్వర్ణం సాధించిన రుమేనియా క్రీడాకారుడు ఆలిన్ మోల్డొవెయాను మొత్తం 702.1, హైదరాబాదుకు చెందిన కాంస్య విజేత గగన్ నారంగ్ మొత్తం 701.1. స్వర్ణానికి, కాంస్యానికి మధ్య తేడా ఒకే ఒక పాయింటు. ఈ స్థాయిలో గురి చూసే మనిషి చేసే పనిని తుపాకి చెడగొట్టకుండా ఉండడం ఎంత అవసరమో దీనిని బట్టి గ్రహించవచ్చును. వేగంలో తేడాను సెకనుకు ఒక మీటరు లోపు ఉంచగలిగితే, 10 మీటర్ల దూరంలో దాని ప్రభావం 0.2 మి.మీ. మించదు.

దూరం పెరిగితే ఈ ప్రభావం ఇంకా పెరుగుతుంది. 50 మీటర్ల దూరంలో సెకనుకు 242, 237 మీటర్ల వేగాలు గల పెల్లెట్ల మధ్య, గాలి నిరోధం లేదనుకున్నా, సుమారు 9 మి.మీ. తేడా వస్తుంది. వాస్తవంలో నిరోధం వలన ఇది మరింత ఎక్కువ.

== సాధారణ లోపాలు, వాటి లక్షణాలు ==

* కొంతసేపు విరామం తరువాత మొదటి పేల్పు మాత్రమే తేడాగా రావడం: రెగ్యులేటర్ పూర్తిగా మూసుకోక, నియంత్రిత గదిలో పీడనం మెల్లగా పెరుగుతున్నదని దీని సూచన. ఆసనం మీద చేరిన దుమ్ము లేక అరుగుదల సాధారణ కారణం.
* వెంటవెంటనే పేల్చినప్పుడు వేగం తగ్గి, ఆగి పేల్చినప్పుడు సరిగా రావడం: రెగ్యులేటర్ గదిని తిరిగి నింపడానికి ఎక్కువ సమయం తీసుకుంటున్నది.
* సిలిండరు చివరి దశలో వేగం క్రమంగా పడిపోవడం: ఇది లోపం కాదు. సిలిండరు పీడనం రెగ్యులేటర్ పీడనం కంటే తగ్గిపోయింది.
* ఏ క్రమమూ లేకుండా వేగం హెచ్చుతగ్గులు కావడం: సుత్తి దారిలో ఘర్షణ, పెల్లెట్ వెనుక గాలి ఆపే వలయం అరగడం, పెల్లెట్ల బరువులలో తేడా మొదలైనవి చూడాలి. గాలి ఇచ్చే శక్తి ఒకటే అనుకుంటే, బరువులో ఒక శాతం తేడా వేగంలో సుమారు అర శాతం తేడా తెస్తుంది.

రెగ్యులేటర్ మీద నింద వేసే ముందు పెల్లెట్లను తూచి చూడడం, గొట్టాన్ని శుభ్రం చేయడం మంచిది.

== శక్తి పరిమితులు, చట్టం ==

సర్దుబాటు వలన తుపాకి శక్తి మారుతుంది కాబట్టి అది చట్టానికి సంబంధించిన విషయం కూడా. మన దేశంలో 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం గొట్టం కొన వద్ద 20 జౌళ్ళకు మించిన శక్తి గాని, 4.5 మి.మీ.కు మించిన గొట్టపు వ్యాసం గాని ఉన్న ఎయిర్ గన్‌లకు లైసెన్సు అవసరం. జర్మనీలో లైసెన్సు లేకుండా వాడగల పరిమితి 7.5 జౌళ్ళు. ఇంగ్లండు, వేల్సులలో ఎయిర్ రైఫిల్‌కు అది 12 అడుగు-పౌండ్లు, అనగా సుమారు 16.27 జౌళ్ళు. పై పట్టికలో 241 మీటర్ల వద్ద 15.9 జౌళ్ళున్న రైఫిల్, స్ప్రింగు రెండు చుట్లు ఎక్కువ బిగించి 248కి చేరితే 16.8 జౌళ్ళు అవుతుంది. మర తిప్పినంత మాత్రాన ఆ రైఫిల్ అక్కడి చట్టాన్ని దాటిపోయినట్లే.

పెల్లెట్ మార్చినా ఇదే ప్రమాదం ఉన్నది. పి.సి.పి. రైఫిళ్ళలో సాధారణంగా బరువైన పెల్లెట్‌కు ఎక్కువ శక్తి వస్తుంది. ఒక రైఫిల్ 0.547 గ్రాముల పెల్లెట్‌ను సెకనుకు 262 మీటర్ల వేగంతో పంపితే శక్తి 18.8 జౌళ్ళు. అదే రైఫిల్ 0.67 గ్రాముల పెల్లెట్‌ను 246 మీటర్ల వేగంతో పంపితే, వేగం తగ్గినా శక్తి 20.3 జౌళ్ళు అవుతుంది. అందువలన వాడే అన్ని రకాల పెల్లెట్లతోనూ శక్తిని లెక్కించి చూడాలి. ఎయిర్ రైఫిల్ లైసెన్సు అక్కరలేనిదైనా, దానితో రక్షిత పక్షులను, జంతువులను వేటాడడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

== జాగ్రత్తలు ==

* గాలి పూర్తిగా ఖాళీ చేయకుండా రైఫిల్ ఏ భాగాన్నీ విప్పరాదు. సిలిండరు ఖాళీ అయినా రెగ్యులేటర్ ముందున్న గదిలో గాలి మిగిలి ఉండవచ్చును.
* సిలిండరులో పొడి గాలిని మాత్రమే నింపాలి. ఆక్సిజన్‌ను ఎట్టి పరిస్థితిలోనూ నింపరాదు. అది పేలుడుకు దారి తీస్తుంది.
* అధిక పీడన భాగాలకు పెట్రోలియం నూనెలు, గ్రీజు పూయరాదు. గాలి ఒక్కసారిగా సంపీడనం చెందినప్పుడు పుట్టే వేడికి అవి అంటుకోవచ్చును. తయారీదారు సూచించిన సిలికోన్ గ్రీజునే వాడాలి.
* సిలిండరును మెల్లగా నింపాలి. వేగంగా నింపితే సైకిలు పంపు వలె అది వేడెక్కి, చల్లారిన తరువాత పీడనం తగ్గినట్లు కనిపిస్తుంది.
* సిలిండరు మీద ముద్రించిన గడువు తేదీ దాటితే వాడరాదు. పోటీలలో గడువు చూసుకొనే బాధ్యత క్రీడాకారునిదే.
* వేగం కొలిచేటప్పుడు కూడా పెల్లెట్‌ను ఆపగల గట్టి అడ్డు వెనుక ఉండాలి, కళ్ళద్దాలు ధరించాలి.
* విద్యార్థులు ఈ పనిని శిక్షకుని సమక్షంలోనే చేయాలి. రెగ్యులేటర్‌ను విప్పి మరమ్మతు చేసే పనిని అనుభవజ్ఞుడైన పనివానికి అప్పగించడం ఉత్తమం.